నవ్వు వినపడని రోజుల్లో నాలుగు పనులు: మహమ్మారి కాలంలో హాస్య కళాకారులు ఎందుకు అన్నీ ఒకేసారి పట్టుకున్నారు?

క్లుప్తంగా

2020లో ప్రదర్శన హాళ్లు మూతపడ్డాక హాస్య కళాకారులు పాడ్‌కాస్టు, స్క్రిప్టు, ఆన్‌లైన్ షో, పుస్తకం అంటూ ఒకేసారి అనేక పనులు చేపట్టారు. ఖాళీ సమయం దొరికింది కాబట్టే ఇదంతా అని చాలామంది అనుకున్నారు. దాని వెనక రెండు నష్టాలున్నాయి: జోకు పనిచేస్తున్నదో లేదో చెప్పే ప్రేక్షకుల నవ్వు దూరమైంది, క్యాలెండరులో ఏ తేదీనీ నమ్మలేని స్థితి వచ్చింది. ఎవరు ఎన్ని పనులు పెట్టుకున్నారన్న దానికంటే, ఆ పనులు వేటి మీద ఆధారపడ్డాయన్నదే ఎవరు నిలదొక్కుకున్నారో తేల్చింది.

ఒక నెలతో పాటు ఏడాది పోయింది

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. రెండు రోజులకే, ఆ నెలాఖరులో మొదలు కావలసిన మెల్‌బోర్న్ అంతర్జాతీయ హాస్యోత్సవం రద్దయింది. ఏప్రిల్ 1న ఎడిన్‌బరో ఫ్రింజ్ వంతు వచ్చింది. 1947లో పుట్టిన ఆ ఉత్సవం 2019లో 3,800కు పైగా ప్రదర్శనలతో, 30 లక్షలు దాటిన టిక్కెట్లతో జరిగింది. ఇంగ్లీషులో హాస్యం చెప్పేవారికి అది సంవత్సరమంతటికీ పని దొరికే సంత లాంటిది. టీవీ నిర్మాతలు, టూర్లు ఏర్పాటు చేసే ఏజెంట్లు, సమీక్షకులు ఆగస్టులో అక్కడ చేరి, రాబోయే ఏడాదికి కావలసిన మనుషులను చూసుకుంటారు. ఆ ఒక్క నెల పోవడంతో దాని వెనక వరుసగా రావలసిన అవకాశాలు కూడా పోయాయి.

కొత్తవారికి తర్ఫీదు ఇచ్చే చోట్లూ మూతపడ్డాయి. న్యూయార్క్‌లో అప్రైట్ సిటిజన్స్ బ్రిగేడ్ అనే హాస్య శిక్షణ, ప్రదర్శన సంస్థ 2020 ఏప్రిల్‌లో తన శాశ్వత వేదికలను వదులుకుంది. అప్పటికప్పుడు అల్లుకుంటూ ఆడే ఇంప్రొవ్ పద్ధతికి పేరుపొందిన షికాగోలోని ఐఓ థియేటర్ జూన్‌లో మూసివేత ప్రకటించింది. యజమానులు మారాక, 2022 చివరలో గాని దాని తలుపులు తెరుచుకోలేదు. పేరున్న కళాకారులకు ఇది ఆదాయం ఆగిపోవడంగా కనిపించింది. పేరు ఇంకా రానివారికి పని నేర్చుకునే చోటే లేకుండా పోయింది, అది ఆదాయం కంటే పెద్ద నష్టం.

మంచి హాస్యానికి కావలసిన గదే ప్రమాదకరమైన గది

హాస్యం ఎందుకు అంతగా ఇరుక్కుపోయిందో అర్థం కావాలంటే గది నిర్మాణాన్ని చూడాలి. జపాన్ ప్రభుత్వం 2020 మార్చిలో మూడు రకాల చోట్లకు వెళ్లవద్దని ప్రజలకు చెప్పింది: గాలి ఆడని మూసిన చోటు, జనం కిక్కిరిసిన చోటు, దగ్గరదగ్గరగా ఉండి మాట్లాడుకునే చోటు. హాస్య ప్రదర్శనలు నడిపేవారు ఎప్పటినుంచో కోరి ఏర్పాటు చేసుకునే గది సరిగ్గా ఇలాంటిదే. పైకప్పు కిందికి ఉంటే నవ్వు గాలిలో కలిసిపోకుండా తిరిగి జనం మీదికే వస్తుంది. కుర్చీలు ఆనుకొని ఉంటే పక్కవారి భుజం కదలడం మనకు తెలుస్తుంది, మన నవ్వూ కదులుతుంది. మొదటి వరుస వేదికకు దగ్గరగా ఉంటే కళాకారులు ముఖాలు చూసి మాట మార్చుకోగలుగుతారు.

గట్టిగా మాట్లాడేకొద్దీ నోటి నుంచి వెలువడే సూక్ష్మ కణాలు పెరుగుతాయన్నది మహమ్మారికి ముందే పరిశోధనల్లో తేలిన విషయం. అలాంటప్పుడు తలుపులు మూసిన గదిలో వందమంది ఒక్కసారిగా విరగబడి నవ్వడమంటే వ్యాధి వ్యాప్తికి అంతకంటే అనుకూలమైన పరిస్థితి దొరకదు. కుర్చీల మధ్య దూరం పెంచితే గది సురక్షితమవుతుంది గాని నవ్వు ముక్కలవుతుంది. చిత్రకారులు తమ గదిలో తాము పనిచేసుకోగలిగారు, గాయకులు ఇంట్లో పాడి రికార్డు చేయగలిగారు. వేదిక మీద ఒక్కరే నిలబడి జోకులు చెప్పే స్టాండప్ కళాకారులకు మాత్రం వ్యాధిని ఆపే నియమానికీ వృత్తికి ప్రాణమైన నియమానికీ మధ్య సూటిగా వైరుధ్యం వచ్చింది.

నవ్వు బహుమానం కంటే ముందు కొలబద్ద

ప్రేక్షకులకు నవ్వు వినోదం. కళాకారులకు అది పరీక్ష ఫలితం. జోకు కాగితం మీద పూర్తి కాదు. రాసుకున్నదాన్ని ఐదు పది నిమిషాల సెట్‌గా చిన్న వేదికల మీద చెప్పి, ఏ మాట దగ్గర నవ్వు లేచిందో, ఎక్కడ గది చల్లబడిందో, నవ్వు పుట్టించే చివరి మాటకు, అంటే పంచ్‌కు, ముందు విరామం ఎంత ఉండాలో చూసుకుంటారు. మర్నాడు రెండు మాటలు తీసేసి మళ్లీ చెబుతారు. గంటసేపు నిలిచే ప్రదర్శన ఇలా ఏడాదో అంతకుమించో సానబట్టుకుంటేనే తయారవుతుంది.

నవ్వు మీద పరిశోధన చేసిన అమెరికన్ నాడీ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్, మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికంటే తోటివారి మధ్య ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని గమనించారు. దీనిని కళాకారుల వైపు నుంచి చదివితే ఇంకో అర్థం వస్తుంది. ఇంట్లో ఒక్కరే ఫోనులో చూస్తున్న మనిషి నవ్వలేదంటే జోకు బాగా లేదని రుజువు కాదు. అదే జోకు నిండిన గదిలో పేలేదేమో. అంటే 2020లో కళాకారుల చేతిలోని కొలబద్ద పోవడమే కాకుండా, దాని స్థానంలో దొరికినవి తప్పు కొలతలు చూపే ప్రమాదం కూడా ఉంది.

పనుల సంఖ్య పెరగడానికి మొదటి కారణం ఇక్కడ దొరుకుతుంది. పరీక్షించలేని గంట ప్రదర్శనను ఎవరూ పూర్తిచేయలేరు. సగంలో ఆగిన ఆ పని పక్కన ఉండగానే, వేరే కొలతతో నడిచే పని వైపు చేయి వెళ్తుంది. పాడ్‌కాస్టులో ఎదురుగా ఇంకో మనిషి ఉంటారు, ఆయన నవ్వో ఆమె నవ్వో కనీసం ఒక నవ్వు వినపడుతుంది. స్క్రిప్టుకు చదివి చెప్పే సంపాదకులు ఉంటారు. చిన్న వీడియోకు ఎంతమంది చూశారన్న అంకె ఉంటుంది. అయితే ఇవి ఒకే విషయాన్ని కొలవవు. సహ నిర్వాహకుల నవ్వులో స్నేహం కలిసి ఉంటుంది, వీక్షణల అంకెలో ఆ రోజు వార్తల ప్రభావం ఉంటుంది, సంపాదకుల మెచ్చుకోలు కథకు చెందుతుంది గాని పంచ్‌కు చెందదు. ఒక్కొక్కటీ అరకొర కాబట్టి నాలుగింటినీ కలిపి ఒక అంచనాకు రావాలని చూడటం సహజం.

తెర మీద నవ్వు ఎందుకు ఆలస్యమైంది

జూమ్ సమావేశాల్లో రోజువారీ హాజరు 2019 డిసెంబరులో కోటి ఉండగా 2020 ఏప్రిల్‌లో 30 కోట్లకు చేరింది. ఆ వరదలో హాస్య ప్రదర్శనలూ ఉన్నాయి. మొదటి ప్రదర్శనల్లోనే ఒక ఇబ్బంది బయటపడింది. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగిసి ఇంకొకరి మాట మొదలయ్యే మధ్య సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే ఖాళీ ఉంటుంది. ఇంటర్నెట్ మీద శబ్దం వెళ్లి రావడానికే అంతకు మించి పట్టవచ్చు. జోకు ముగిసిన చోట నవ్వు రావలసింది పోయి, తర్వాతి జోకు మొదలయ్యాక వస్తే టైమింగ్ మీదే బతికే కళకు మిగిలేదేమీ ఉండదు. పైగా ఈ సాఫ్ట్‌వేర్లు ఆఫీసు మాటల కోసం తయారైనవి. ఒకరి గొంతును ముందుకు తెచ్చి, మిగతావారి శబ్దాన్ని నేపథ్య రొదగా భావించి తగ్గించడం వాటి స్వభావం. జనం నవ్వు ఆ రొదలో చేరిపోయింది. అందరి మైకులూ ఆపితే నిశ్శబ్దం, తెరిస్తే కుక్క అరుపులు. కొందరు నిర్వాహకులు పదిమందిని ఎంచుకొని వారి మైకులు మాత్రమే తెరిచి ఉంచే మధ్యేమార్గం పట్టారు.

నవ్వును ఎలాగోలా వెనక్కి తెచ్చుకోవడానికి జరిగిన ప్రయత్నాలు చూస్తే దాని విలువ తెలుస్తుంది. 2020 వేసవిలో బ్రిటన్, అమెరికాల్లో కార్లలో కూర్చొని చూసే ప్రదర్శనలు ఏర్పాటయ్యాయి. అక్కడ నవ్వుకు బదులు హారన్లు మోగాయి. మార్చిలో ఆగిపోయిన అమెరికన్ టీవీ కార్యక్రమం సాటర్డే నైట్ లైవ్, నటులు ఎవరింట్లో వారు చిత్రీకరించుకున్న ముక్కలతో ఏప్రిల్ 11న తిరిగి వచ్చింది. అక్టోబరు 3న స్టూడియోకు మళ్లినప్పుడు, టిక్కెట్టు తీసుకున్న ప్రేక్షకులను న్యూయార్క్ నిబంధనలు అనుమతించలేదు. జీతం తీసుకునే సిబ్బందికి మాత్రం అడ్డు లేదు. అందుకని కార్యక్రమం ప్రేక్షకులకు తలా 150 డాలర్లు చెల్లించి కూర్చోబెట్టింది. ప్రేక్షకులు డబ్బిచ్చి నవ్వే వ్యాపారంలో నిర్మాతలే డబ్బిచ్చి నవ్వును తెచ్చుకోవలసి వచ్చింది. రికార్డు చేసిన నవ్వులు దశాబ్దాలుగా చేతిలో ఉండి కూడా ఆ ఖర్చుకు సిద్ధపడ్డారంటే, ఆ నవ్వు చూసేవారి కంటే ఆడేవారికే ఎక్కువ అవసరమని అనుకోవచ్చు.

ఐదింటికి ఒప్పుకుంటే రెండైనా జరుగుతాయా?

పనులు పెరగడానికి రెండో కారణం తేదీలు. మామూలు రోజుల్లో ఎవరైనా డేట్లు ఇచ్చారంటే ఆ పని జరుగుతుందని నమ్మకం. మహమ్మారి కాలంలో ఒప్పందం కుదిరిన పని కూడా జరగకపోవచ్చు. సగానికి పైగా పనులు రద్దవుతాయని తెలిసినప్పుడు, రెండు పనులు కావలసినవారు ఐదింటికి ఒప్పుకోవడం తెలివైన పనిగానే కనిపిస్తుంది. అడ్వాన్సులు చిన్నవైపోవడం, కొన్నిచోట్ల ప్రదర్శన జరిగితేనే చెల్లింపు అనే షరతు రావడం ఈ ధోరణిని ఇంకా పెంచాయి.

అయితే ఈ ఆలోచన సరిగ్గా పనిచేయాలంటే ఆ ఐదు పనులూ వేర్వేరు కారణాలతో రద్దు కావాలి. క్లబ్బు ప్రదర్శన, నగరాల టూరు, ఉత్సవం, సీరియల్ షూటింగ్, కంపెనీ వేడుకలో కార్యక్రమం – పేర్లు ఐదైనా వీటన్నిటినీ ఒకే అంకె నడిపించింది: ఆ వారం నమోదైన కేసుల సంఖ్య. కేసులు పెరిగితే ఐదూ ఒకేసారి పోయాయి. ఇది వేర్వేరు బుట్టల్లో పెట్టుకున్నామనుకున్న సొమ్ము అంతా ఒకే బండి మీద ఉండటం లాంటిది. ఈ తేడాను త్వరగా గుర్తించినవారు, గదితోనూ తేదీతోనూ సంబంధం లేని పని కనీసం ఒకటైనా పట్టుకున్నారు.

అలాంటి పనుల్లో యానిమేషన్‌కు గొంతు ఇవ్వడం ఒకటి. నటులు ఒకచోట చేరవలసిన షూటింగులు ఆగిపోయిన నెలల్లో కూడా యానిమేషన్ నిర్మాణాలు ఎవరింటి నుంచి వారు పనిచేస్తూ నడిచాయి. బట్టల అలమారాలో దుప్పట్లు కట్టుకొని గొంతు రికార్డు చేసుకున్నవారు ఎందరో. పాడ్‌కాస్టు రెండోది. దాని ఆదాయం నెమ్మదిగా పెరుగుతుంది గాని ఒక్క రోజులో రద్దు కాదు. పుస్తకం మూడోది. దానికి కేసుల సంఖ్యతో పని లేదు, కాని డబ్బు చేతికి రావడానికి ఏడాది పైన పడుతుంది. ఈ నెల అద్దె కోసం ఒకటి, వచ్చే ఏడాది కోసం ఇంకొకటి ఉండాలన్న అవసరమే చాలామందిని నాలుగు పనుల దాకా తీసుకెళ్లింది.

జోకు వయసు, కథ కాలం

ఒక్కో పనిలో సరుకు పాడయ్యే వేగం వేరు. మాస్కుల మీద, చేతులు కడుక్కోవడం మీద, వీడియో కాల్‌లో మైకు ఆపడం మరిచిపోయినవారి మీద జోకులు ప్రపంచమంతటా ఒకే వారంలో పుట్టాయి, ఎందుకంటే అందరి అనుభవమూ ఒకటే. తనకు మాత్రమే తెలిసిన సంగతి చెప్పడం కళాకారుల బలం. అందరూ ఇంట్లోనే ఉన్న కాలంలో ఆ బలం తగ్గింది. నియమాలు రెండు వారాలకోసారి మారుతుంటే జోకు కూడా అంతలోనే పాతబడింది. దీన్ని వేగంతో ఎదుర్కొన్నవారున్నారు. అప్పటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ మాటలకే పెదవులు కలుపుతూ అమెరికన్ హాస్య కళాకారిణి సారా కూపర్ 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన చిన్న వీడియోలు ఆమెను అక్టోబరు నాటికి నెట్‌ఫ్లిక్స్ ప్రత్యేక కార్యక్రమం దాకా తీసుకెళ్లాయి. క్లబ్బుల మీదుగా అయితే ఏళ్లు పట్టే దారి అది.

స్క్రిప్టు రాసేవారి చిక్కు దీనికి పూర్తిగా భిన్నం. 2020లో రాసిన కథ తెర మీదికి 2022లోనో ఆ తర్వాతో వస్తుంది. అందులో మహమ్మారి ఉండాలా? ఉంటే పాత్రలు మాస్కులు పెట్టుకోవాలి, ముఖ కవళికలతో నడిచే హాస్యం సగం పోతుంది. లేకుంటే కథ ఏ సంవత్సరంలో జరుగుతున్నట్టు? ఈ ప్రశ్నకు అప్పుడు జవాబు లేదు, మహమ్మారి ఎంతకాలం ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి. చాలా స్క్రిప్టులు రెండు రూపాల్లో సగం సగం నిలిచిపోవడానికి ఇదొక కారణం.

అనిశ్చితినే విషయంగా తీసుకోవడం మూడో దారి. అమెరికన్ హాస్య కళాకారుడు బో బర్న్‌హమ్ ఒకే గదిలో రాసి, పాడి, చిత్రీకరించి, ఎడిట్ చేసిన కార్యక్రమం 2021 మే 30న విడుదలైంది. ప్రేక్షకుల నవ్వు లేకపోవడాన్ని దాచకుండా ఆ ఖాళీనే అందులో వినిపించారు. కాని ఈ దారి అందరికీ అందేది కాదు. లైటింగు, కెమెరా, సౌండ్, ఎడిటింగ్ అన్నీ ఒకే మనిషి చేయాలంటే అందుకు కావలసిన నైపుణ్యం, పరికరాలు, ఏడాదిపాటు ఆదాయం కోసం వెతుక్కోనక్కర్లేని స్థితి ఉండాలి. ఇంట్లో పిల్లల బడి కూడా నడుస్తున్నవారికి, ముఖ్యంగా ఆ భారం ఎక్కువగా మోసిన స్త్రీలకు, ఆ ఏడాది ‘ఖాళీ’ అన్న మాటే వర్తించదు. ఇంట్లో ఉన్నారు కాబట్టి ఎక్కువ సృష్టించి ఉండాలన్న అంచనా అన్యాయమైనది. ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్లించుకోవడానికే ప్రతిసారీ కొంత శక్తి ఖర్చవుతుంది.

సహాయ పథకాలు అడిగిన ప్రశ్న

నాలుగు పనులు చేసేవారిని ప్రభుత్వ సహాయం ఎలా చూసిందన్నది పెద్దగా చర్చకు రాని విషయం, కాని ఫలితాల మీద దాని ప్రభావం ఎక్కువ. బ్రిటన్‌లో స్వయం ఉపాధి పొందేవారికి ఇచ్చిన మొదటి విడత సహాయం సగటు లాభంలో 80 శాతం, మూడు నెలలకు గరిష్ఠంగా 7,500 పౌండ్లు. అది దక్కాలంటే మొత్తం ఆదాయంలో కనీసం సగం స్వయం ఉపాధి నుంచి రావాలి, ఆ లాభం ఏటా 50,000 పౌండ్లు మించకూడదు. పగలు జీతం పని, రాత్రి స్టేజీ అన్న పద్ధతిలో బతికే కొత్త కళాకారులు మొదటి షరతు దగ్గరే ఆగిపోయారు. 2019 ఏప్రిల్ తర్వాత ఈ వృత్తిలోకి వచ్చినవారికి, సొంత కంపెనీ పెట్టుకొని డివిడెండు రూపంలో డబ్బు తీసుకునేవారికి కూడా అందులో చోటు లేదు. 2020 జులైలో ప్రకటించిన 157 కోట్ల పౌండ్ల సాంస్కృతిక నిధి ప్రధానంగా సంస్థల కోసం. హాస్య రంగం తరఫున ప్రభుత్వంతో మాట్లాడటానికి లైవ్ కామెడీ అసోసియేషన్ ఏర్పడింది కూడా ఆ ఏడాదే.

అమెరికాలో 2020 మార్చి 27 నాటి చట్టం స్వయం ఉపాధివారికి కూడా నిరుద్యోగ భృతి ఇచ్చింది, జులై చివరి దాకా వారానికి 600 డాలర్లు అదనంగా కలిపింది. కాని కొద్దిపాటి జీతం ఆదాయం ఉన్నవారు మామూలు నిరుద్యోగ భృతి కిందికి వచ్చారు. అప్పుడు భృతిని ఆ చిన్న జీతం మీదే లెక్కగట్టారు, ప్రదర్శనల ఆదాయం లెక్కలోకి రాలేదు. ఈ లోపాన్ని సరిచేయడానికి వారానికి 100 డాలర్లు కలిపే ఏర్పాటు డిసెంబరు చట్టంతో గాని రాలేదు. అనిశ్చితిని తట్టుకోవడానికి నాలుగు చోట్ల సంపాదించుకున్నవారే, ఒకే చోట సంపాదించేవారి కోసం రాసిన దరఖాస్తు ఫారంలో ఇమడలేకపోయారు.

అన్నీ ఒకేసారి తిరిగొచ్చినప్పుడు

న్యూయార్క్‌లో 2021 ఏప్రిల్ 2న వేదికలు మూడో వంతు సామర్థ్యంతో, లోపల 100 మందికి మించకుండా తెరుచుకున్నాయి. ఇంగ్లండ్‌లో మే 17 నుంచి సగం సీట్లకు అనుమతి వచ్చింది. అద్దె, సిబ్బంది, కరెంటు ఖర్చులు సగం కావు కాబట్టి చిన్న క్లబ్బులకు ఇది చాలలేదు. ఇంగ్లండ్‌లో పరిమితులన్నీ జూన్ 21న తొలగిపోతాయని నమ్మి టూర్లు ఖరారు చేసుకున్నవారికి, డెల్టా రకం వ్యాప్తి వల్ల ఆ తేదీ జులై 19కి మారిందన్న కబురు వారం రోజుల ముందు అందింది. నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్‌కు పేరు పెట్టాక శీతాకాలపు ప్రదర్శనలు మళ్లీ సందేహంలో పడ్డాయి.

ఈ తెరుచుకోవడంలో ఇంకో చిక్కు ఉంది. 2020లో వాయిదా పడిన టూరు, 2021లో కొత్తగా ఒప్పుకున్న షూటింగు, గడువు దాటిన పుస్తకం అన్నీ ఒకే నెలల మీదికి వచ్చి పడ్డాయి. ఐదింటిలో రెండే జరుగుతాయని ఒప్పుకున్న పనులు ఐదూ జరగడానికి సిద్ధమయ్యాయి, రద్దుకు ఒకే కారణం ఉన్నట్టే తిరిగి రావడానికీ ఒకే కారణం ఉంది కాబట్టి. అప్పుడు వదులుకోవలసి వచ్చేది సాధారణంగా తేదీ లేని పనే. లాక్‌డౌన్ నెలల్లో మనిషిని నిలబెట్టిన స్క్రిప్టో, పుస్తకమో మళ్లీ పక్కకు వెళ్లింది. ఏడాదిన్నర వేదిక ఎక్కని కళాకారులు, పరీక్షించని మాటలతో, టిక్కెట్టు ఎప్పుడో కొనుక్కున్న ప్రేక్షకుల ముందు నిలబడవలసి వచ్చింది.

2023: తలకిందులైన పరిస్థితి

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. దానికి మూడు రోజుల ముందే, మే 2న, అమెరికాలో సినిమా, టీవీ రచయితలు సమ్మెకు దిగారు. జులై 14న నటులూ కలిశారు. రచయితల సమ్మె సెప్టెంబరు 27న, నటుల సమ్మె నవంబరు 9న ముగిశాయి. ఈసారి ఆగిపోయినవి స్క్రిప్టులు, షూటింగులు. 2020లో మొదట మూతపడిన క్లబ్బులూ టూర్లూ మాత్రం సమ్మె పరిధిలో లేవు, అవి నడుస్తూనే ఉన్నాయి. మూడేళ్ల కిందట గది లేక స్క్రిప్టు వైపు మళ్లిన హాస్య రచయితలు, ఇప్పుడు స్క్రిప్టు ఆగి అదే గదికి, అదే మైకు ముందుకు తిరిగి వచ్చారు.